హక్కు ఎవరిది? పని ఎవరికి తప్పదు?

ఇంగ్లీషు వ్యాకరణంలో రెండు పాఠాలను మన బడుల్లో విడివిడిగా చెబుతారు. మొదటిది పొసెసివ్ నౌన్, అంటే నామవాచకానికి అపాస్ట్రఫీ, ఎస్ చేర్చి ‘ఫలానావారిది’ అని చెప్పే పద్ధతి. రెండోది మోడల్ వర్బులు: కెన్, మే, షల్, విల్, మస్ట్, షుడ్ వంటి సహాయక క్రియలు. ఒకటి కింది తరగతుల్లో ఖాళీలు పూరించే అభ్యాసంతో ముగుస్తుంది, మరొకటి పై తరగతుల్లో బట్టీ పట్టే పట్టికగా మిగులుతుంది. ఈ రెండింటికీ సంబంధమే లేనట్టు పుస్తకాలు సాగిపోతాయి. అయితే ఒక చట్టం, ఒక హామీ, ఒక ఒప్పందం ఎంత గట్టివో తేలేది ఈ రెండూ కలిసే చోటనే. ఈ సంవాదం నిలబెట్టదలచిన వాదం అదే. ఇందులో మాట్లాడేవారు ఇద్దరు: ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడు, సివిల్ కోర్టులో వాదించే న్యాయవాది. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారు వినిపించే రెండు పక్షాలు మాత్రం మన చదువుల్లో నిజంగా ఉన్నవే.

ఉపాధ్యాయుడు: లాయరు గారూ, తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషులోకి వచ్చే పిల్లలకు ముందు కావలసింది ధైర్యం. నోరు విప్పి నాలుగు వాక్యాలు మాట్లాడగలిగితే మిగతాది వాడుకే నేర్పుతుంది. అపాస్ట్రఫీ చెవికి వినిపించేది కాదు. ‘బాయ్స్’ అన్నప్పుడు ఒక అబ్బాయిదో, పలువురు అబ్బాయిలదో, అసలు అది ఉత్త బహువచనమో పలుకును బట్టి చెప్పలేం. ఆ గుర్తు ఇంగ్లీషుకు పుట్టుకతో వచ్చిందీ కాదు. పాత ఇంగ్లీషులో షష్ఠికి ప్రత్యయం ఉండేది, గుర్తు లేదు. అక్షరం లోపించిన చోట పెట్టే చిహ్నంగా అపాస్ట్రఫీ 16వ శతాబ్దంలో ఫ్రెంచివారి ముద్రణ నుంచి వచ్చింది. షష్ఠికి గుర్తుగా అది స్థిరపడేసరికి 18వ శతాబ్దం వచ్చింది. మధ్యలో ‘ద కింగ్ హిజ్ హౌస్’ అని రాసిన కాలం కూడా ఉంది. అమెరికాలో భౌగోళిక నామాల బోర్డు 1890 నుంచి ఊళ్ల పేర్లలో ఈ గుర్తును పక్కన పెడుతోంది. మార్థాస్ వైన్‌యార్డ్ లాంటి కొద్ది పేర్లకే మినహాయింపు ఇచ్చింది. ఇక షల్, విల్ సంగతి చూడండి. 1653లో జాన్ వాలిస్ విదేశీయుల కోసం లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఉత్తమ పురుషకు ఒక రకంగా, మిగతా పురుషలకు మరో రకంగా నియమం పెట్టాడు. మన బడుల్లోని రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం దాకా ఆ నియమాన్ని మోసుకొచ్చాం. ఇంగ్లీషువాళ్లే దాన్ని పూర్తిగా పాటించలేదు. పాటించని నియమాలను మన పిల్లల నెత్తిన రుద్దడం న్యాయమా?

న్యాయవాది: మాస్టారూ, మీరు చెప్పిన చరిత్రంతా ఒప్పుకుంటాను. గుర్తు ఒక ఏర్పాటే. దాన్ని తప్పు పెట్టిన పిల్లవాడికి మార్కులు కోసేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఊరి పేరులో గుర్తు లేకపోయినా ఇబ్బంది రాదు, ఎందుకంటే పేరు చూసి ఆ ఊరు ఎవరిదని అడిగేవారు ఉండరు. వాక్యంలో పరిస్థితి వేరు. విద్యార్థి ఖాతా, విద్యార్థుల ఖాతా ఒకటి కావు. ఒక రైతు భూమి గురించి రాసిన షరతుకు, రైతులందరి భూమి గురించి రాసిన షరతుకు మధ్య ఆస్తులు తారుమారయ్యేంత దూరం ఉంది. పైగా పాఠ్యపుస్తకాలు ఈ రూపానికి పెట్టిన పేరే పిల్లలను తప్పుదారి పట్టిస్తోంది. పొసెసివ్ అంటే సొంతదారును చూపేదని చెబుతారు. ‘ద మినిస్టర్స్ అపాయింట్‌మెంట్’ అంటే మంత్రి చేసిన నియామకమా, మంత్రినే నియమించడమా? ‘ది ఎంప్లాయీస్ డిస్మిసల్’లో ఉద్యోగి తొలగింపునకు గురైనవాడే తప్ప తొలగింపునకు సొంతదారు కాడు. ‘ఎ మంత్స్ నోటీస్’లో నెలకు నోటీసు మీద యాజమాన్యం ఏమీ లేదు, అది గడువును మాత్రమే చెబుతోంది. ఒకే రూపం ఆస్తిని, కర్తను, కర్మను, కాలాన్ని, బంధుత్వాన్ని చూపుతుంది. అందుకే ‘ఇది ఎవరి సొత్తు’ అని అడగడం నేర్పితే చాలదు. ‘వీరికీ దీనికీ ఉన్న సంబంధమేమిటి’ అని అడగడం నేర్పాలి. ఆ ప్రశ్న అలవాటైనవారికి గుర్తు ఎక్కడ పెట్టాలో కూడా తేలిగ్గానే పట్టుబడుతుంది.

ఉపాధ్యాయుడు: సంబంధాన్ని సందర్భమే చెబుతుందని మీరే ఒప్పుకున్నట్టయింది. మోడల్ వర్బుల సంగతీ అంతే. ‘యూ మస్ట్ కమ్ టు అవర్ హౌస్’ అంటే అది ఆజ్ఞ కాదు, ఆప్యాయమైన పిలుపు. ‘హి మస్ట్ బి ఎట్ హోమ్’ అంటే అతను ఇంట్లో ఉండి తీరాలన్న హుకుం కాదు, ఇంట్లోనే ఉండి ఉంటాడన్న ఊహ. మన తెలుగులో ‘ఈపాటికి ఊరు చేరి ఉండాలి’ అన్నట్టే. మాట ఒకటే, అర్థాలు మూడు. మీ కోర్టుల్లోనైనా ఈ మాటలకు స్థిరమైన విలువ ఉందా? ప్రభుత్వోద్యోగి మీద క్రమశిక్షణ చర్య తీసుకునేటప్పుడు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 320వ అధికరణంలో షల్ వేసి మరీ చెప్పింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికీ మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవకూ మధ్య వచ్చిన కేసులో 1957లో సుప్రీంకోర్టు, సంప్రదించకపోయినంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని తేల్చింది. ‘తప్పదు’ అని రాసినదాన్ని ‘తప్పినా ఫరవాలేదు’ అని చదివినప్పుడు, షల్‌కూ మేకూ తేడా నేర్పి ప్రయోజనమేమిటి?

న్యాయవాది: మంచి ఉదాహరణ ఎత్తారు. నా వాదానికి మొదటి సాక్ష్యం ఆ తీర్పే. కోర్టు ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చిందో చూడండి. ఏయే విషయాల్లో సంప్రదింపు అక్కర్లేదో నిర్ణయించే అధికారాన్ని అదే అధికరణం ప్రభుత్వానికి ఇచ్చింది. కమిషన్ సలహాకు ప్రభుత్వం కట్టుబడి తీరాలని ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ నిబంధన ఉద్యోగికి ఏ హక్కునూ కట్టబెట్టలేదని కోర్టు చెప్పింది. అంటే షల్ ఉంది, సంప్రదింపు ఉంది, కానీ ఆ సంప్రదింపు ఉద్యోగిది కాలేదు. అది ప్రభుత్వానికీ కమిషన్‌కూ మధ్య జరిగే వ్యవహారంగానే ఉండిపోయింది. ఇప్పుడు దీని పక్కన మరో తీర్పు పెట్టండి. 1963లో అదే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, జోగేంద్ర సింగ్ కేసు. గెజిటెడ్ ఉద్యోగి తానే కోరితే అతని కేసును గవర్నరు పరిపాలనా ట్రిబ్యునల్‌కు పంపవచ్చని నియమం. అక్కడున్నది మే. అయినా ఉద్యోగి అడిగితే పంపి తీరవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు? ఆ నియమంలో కోరిక ఉద్యోగిది. ఆ కోరికకు విలువ లేకపోతే నియమమే దండగ. మొదటి వాక్యంలో షల్ బలహీనపడింది, రెండో వాక్యంలో మే బలపడింది. ఈ రెండు ఫలితాలనూ నడిపింది ‘ఎవరిది’ అన్న ప్రశ్నే. క్రియ పక్కన కూర్చున్న చిన్న మాట ఎంత గట్టిదో, ఆ పని జరగకపోతే ‘ఇది నాది’ అని లేచి నిలబడగలిగే మనిషి వాక్యంలో ఉన్నాడా లేడా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఉపాధ్యాయుడు: అది న్యాయమూర్తులు చట్టం ఉద్దేశం నుంచి తీసిన అర్థం, వ్యాకరణం నుంచి కాదు. షల్ అన్న మాట ఎంత గజిబిజి చేసిందంటే అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు దాన్ని తీసి మస్ట్, మే, షుడ్ లాంటివి పెట్టుకున్నారు. మాటను నమ్మలేక వదిలేసినవాళ్ల నుంచి మనం నేర్చుకోవలసింది, మాటల మీద అంత ఆశ పెట్టుకోవద్దని కాదా?

న్యాయవాది: మాటల మీద ఆశ లేకపోతే అన్ని నియమాలను కూర్చుని తిరగరాయరు కదా మాస్టారూ! ఒక్క షల్ మీద బాధ్యత, అనుమతి, సలహా, భవిష్యత్తు అన్నీ మోపితే చదివేవారు మోసపోతారని, ఒక్కో పనికి ఒక్కో మాటను కేటాయించారు. ఆ మాట మూలం చూస్తే నేను చెప్పే బంధం ఇంకా స్పష్టమవుతుంది. షల్‌కు తల్లి అయిన పాత ఇంగ్లీషు క్రియకు అర్థం బాకీ ఉండడం. బాకీ అన్నాక ఇవ్వవలసినవాడు ఒకడుంటే సరిపోదు, రావలసినవాడు కూడా ఉండాలి. రావలసినవాడు కనిపించని బాకీని ఎవరు వసూలు చేస్తారు? ఉద్దేశం సంగతంటారా, న్యాయమూర్తికి ఉద్దేశం ఆకాశం నుంచి దిగిరాదు. వాక్యంలో ఎవరి పేరు ఎక్కడుంది, ఏ మాట ఏ క్రియకు తగిలింది, మినహాయింపు ఎవరి చేతిలో పెట్టారు అన్నవి చదివే ఆయన ఉద్దేశాన్ని పట్టుకుంటారు. ఇదంతా వ్యాకరణ జ్ఞానమే, పరీక్షలో అడగని వ్యాకరణం.

దీనికి మన దేశంలో అందరికీ సంబంధించిన రుజువు ఉంది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో, పదేళ్ల లోపల పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని ఉండేది. షల్ అక్కడా ఉంది. కానీ దాని వెంటనే వచ్చిన క్రియ ప్రయత్నించడం. రాజ్యం ప్రయత్నానికే కట్టుబడింది. పైగా అది ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టులో అమలు చేయించుకునే వీలూ లేదు. పదేళ్ల గడువు 1960లో దాటిపోయింది. 1993లో ఉన్నికృష్ణన్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ల వరకు విద్య పిల్లల ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల ఫీజుల వివాదంగా మొదలైన ఆ కేసు, చదువు ఎవరిది అన్న ప్రశ్న దగ్గరికి దేశాన్ని తీసుకొచ్చింది. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. అందులో రాజ్యం ప్రయత్నించాలని లేదు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ విద్య అందించాలని ఉంది. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన చట్టం పేరు చూడండి: బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం. పేరులోనే హక్కు బాలలదయింది. షల్ పాత వాక్యంలోనూ ఉంది, కొత్త వాక్యంలోనూ ఉంది. మారినవి రెండే: షల్ తగిలిన క్రియ మారింది, హక్కుకు సొంతదారు దొరికాడు. ఈ రెండు మార్పులకు అర్ధ శతాబ్దం పట్టింది.

ఉపాధ్యాయుడు: అంత దూరం ఎందుకు, మన సొంత అనుభవమే చూద్దాం. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం నిండా షల్‌లే. రెండు రాష్ట్రాలవారూ ఆ చట్టాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. షల్ అని రాసి ఉన్నా ఉక్కు కర్మాగారం, కోచ్ ఫ్యాక్టరీ మాటల్లోనే నలిగాయి. ఇది వ్యాకరణం తీర్చగల బాధా? అధికారం ఎవరి చేతిలో ఉంటే అర్థం వారిది.

న్యాయవాది: అధికారానికి బలముందని నేను కాదనను. కానీ ఆ చట్టాన్ని ఇంగ్లీషు తరగతిలో చదివించి ఉంటే మన వాదన ఎక్కడ బలమైనదో, ఎక్కడ బలహీనమో ప్రజలకు ముందే తెలిసేది. పదమూడో షెడ్యూలు తెరవండి. వైఎస్సార్ జిల్లాలోనూ ఖమ్మం జిల్లాలోనూ సమగ్ర ఉక్కు కర్మాగారాల విషయంలో స్టీల్ అథారిటీకి చెప్పింది, ఆరు నెలల్లోగా సాధ్యాసాధ్యాలు పరిశీలించమని. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ విషయంలో రైల్వేకు చెప్పిందీ పరిశీలించమనే. అక్కడ షల్ బరువంతా పరిశీలన మీదే పడింది, కర్మాగారం మీద పడలేదు. ఇంగ్లీషులో మోడల్ వర్బుకు స్వతంత్ర జీవితం లేదు. తన వెంట వచ్చే మూల క్రియనే అది బిగిస్తుంది, ఆ క్రియ వెనక ఉన్న ఆశను బిగించదు. ఇప్పుడు అదే చట్టంలో 90వ సెక్షన్ చదవండి. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించి, కేంద్ర ప్రభుత్వమే దాన్ని నిర్మించి అనుమతులన్నీ తేవాలని చెప్పింది. ఇక్కడ షల్ తగిలిన క్రియ నిర్మించడం. రెండూ ఒకే చట్టంలోని షల్‌లే, కానీ ఒకదాని ఆధారంగా నివేదిక అడగగలం, మరొకదాని ఆధారంగా ప్రాజెక్టు అడగగలం. నిర్మాణం ఆలస్యమైతే అది మాట తప్పడం అవుతుంది. పరిశీలించి కుదరదంటే మాట తప్పారని నిరూపించడం కష్టం. బిల్లు దశలోనే ఈ తేడాను గుర్తుపట్టి, ‘పరిశీలించు’ తీసి ‘నెలకొల్పు’ పెట్టమని అడిగే పాఠకులు ఎంతమంది ఉంటే ప్రజాస్వామ్యానికి అంత మేలు. వ్యాకరణం అధికారాన్ని ఓడించలేకపోవచ్చు, కానీ ఏ వాక్యం కింద సంతకం పెడుతున్నామో తెలుసుకునే శక్తిని ఇస్తుంది.

ఉపాధ్యాయుడు: చట్టాలు చదివేది ఎంతమంది? నా ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది చిన్న ఉద్యోగాలకు వెళతారు. వారికి రాజ్యాంగ అధికరణాల వ్యాకరణం ఏం చేసుకోను?

న్యాయవాది: ఆ చిన్న ఉద్యోగానికి వచ్చే నియామక పత్రమే వారి రాజ్యాంగం, మాస్టారూ. బోనస్ ఇవ్వబడుతుందని విల్‌తో రాస్తే అడగడానికి ఆధారం ఉంటుంది. కంపెనీ తన ఇష్టాన్ని బట్టి బోనస్ ఇవ్వవచ్చని మే వేసి, ‘ఎట్ ఇట్స్ సోల్ డిస్క్రిషన్’ అని చేర్చితే అడగడానికి దాదాపు ఏమీ మిగలదు. జోగేంద్ర సింగ్ కేసును ఒక్కసారి గుర్తు చేసుకోండి. అక్కడ మే పక్కన ఉన్నది ఉద్యోగి కోరిక, ఇక్కడ మే పక్కన ఉన్నది కంపెనీ ఇష్టం. ఒకే మే, పక్కనున్న సంబంధ పదం మారేసరికి ఒకచోట యజమానిని కట్టేసింది, ఇంకోచోట పూర్తిగా విడిచిపెట్టింది. అద్దె ఒప్పందంలో, బ్యాంకు రుణ పత్రంలో, హాస్టల్ నిబంధనల్లో, విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లే మన పిల్లలు సంతకం చేసే కాగితాల్లో ఉండేవి ఈ వాక్యాలే. ‘మస్ట్ నాట్’ అంటే చేయకూడదు, ‘నీడ్ నాట్’ అంటే చేయనక్కర్లేదు. ఈ తేడా తెలియక ఒక కాగితం సమర్పించనివాడు, సమర్పించకూడనిది సమర్పించినవాడు ఇద్దరూ నష్టపోతారు. ‘మే నాట్’ ఇంకా ప్రమాదం: ఒకచోట అనుమతి లేదని, మరోచోట జరగకపోవచ్చని అర్థమిస్తుంది.

ఇక్కడ తెలుగు పిల్లవాడు ఖాళీ చేతులతో రావడం లేదన్నది మనం మరిచిపోతున్నాం. ‘వెళ్లకూడదు’, ‘వెళ్లకపోవచ్చు’, ‘వెళ్లనక్కర్లేదు’ అన్న మూడింటినీ ఏ తికమకా లేకుండా వాడతాడు. ‘మన ఇల్లు’, ‘మా ఇల్లు’ అన్నప్పుడు ఎదుటివాడు అందులో ఉన్నాడో లేడో అతనికి తెలుసు. ఇంగ్లీషు ‘అవర్’ ఆ తేడా చూపలేదు. కాబట్టి ‘అవర్ ప్రాపర్టీ’ అన్న చోట ఎవరెవరిది అని అడగాలన్న స్పృహ అతనికి మాతృభాషే ఇచ్చింది. ఆ స్పృహను వాడుకోకుండా, మే అంటే ‘వచ్చు’, మస్ట్ అంటే ‘ఆలి’ అని రెండు వరుసల పట్టిక చేతిలో పెట్టి పంపిస్తున్నాం.

ఉపాధ్యాయుడు: పట్టిక మీద మీ కోపం నాకూ ఉంది. కానీ మాట్లాడే ధైర్యం ముందు రావాలన్న నా మాట వదులుకోను. తప్పు పడుతుందేమోనన్న భయంతో నోరు మూసుకున్న పిల్లవాడు మీరు చెప్పే ఒప్పందాన్ని చదివే దాకా రాడు. గుర్తు తప్పితే ఎర్ర సిరా, షల్ బదులు విల్ అంటే ఎర్ర సిరా అనే పద్ధతి పోవాలి. ఆ తర్వాత మీరన్న చదువు చెప్పవచ్చు.

న్యాయవాది: ఎర్ర సిరా పోవాలని నేనూ అంటాను. మాట్లాడేటప్పుడు తప్పులను క్షమిద్దాం, చదివేటప్పుడు మాత్రం ప్రశ్నలను వదలవద్దు. రెండింటికీ వేరువేరు గంటలు పెట్టుకోవచ్చు. చదివే గంటలో పిల్లలకు నియమాలేవీ బట్టీ పెట్టించనక్కర్లేదు, ప్రతి ముఖ్యమైన వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడిగిస్తే చాలు. ఇందులో ఏది ఎవరిది? చేయవలసినవారికి తప్పదా, చేయవచ్చా, ఊరికే ఆశపెట్టారా? ఆ మాట కచ్చితంగా ఏ పనిని పట్టుకుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి అపాస్ట్రఫీ ఎందుకుందో, మోడల్ వర్బు పక్కన మూల క్రియే ఎందుకు వస్తుందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

ఇద్దరి మాటల్లోనూ నిలబడే అంశాలున్నాయి. గుర్తులూ పురుషల వారీ నియమాలూ కాలంతో మారినవేనని, వాటి పేరుతో పిల్లలను బెదిరించకూడదని ఉపాధ్యాయుడు చెప్పింది నిజం. అయినా ఈ వ్యాసం తీర్పు న్యాయవాది వైపే. 1957, 1963 తీర్పులు, 45వ అధికరణం నుంచి 21ఎ అధికరణం దాకా సాగిన మార్పు, పునర్వ్యవస్థీకరణ చట్టంలోని రెండు రకాల హామీలు చెప్పేది ఒకటే: బాధ్యతను తెలిపే మాటకు బలం, హక్కు ఎవరిదో తెలిపే మాట నుంచి, అది పట్టుకున్న క్రియ నుంచి వస్తుంది. అందువల్ల ఈ రెండు పాఠాలనూ ఇక విడదీసి చెప్పవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు రాసేవారికి విన్నపం: ఖాళీలు పూరించే వాక్యాల పక్కన ఒక నియామక పత్రాన్ని, ఒక అద్దె ఒప్పందాన్ని, విద్యా హక్కు చట్టంలోని ఒక సెక్షన్‌ను చేర్చండి. ఉపాధ్యాయులకు విన్నపం: ఆ మూడు ప్రశ్నలూ ప్రతి తరగతిలో అడిగించండి. చదువరులారా, ఇకమీదట ఏ ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టవలసి వచ్చినా ముందు ఆ ప్రశ్నలకు జవాబు వెతకండి. జవాబు దొరకని వాక్యాన్ని మార్చి రాయమని అడగండి.